నూనె నిండుకుంది

ఈ ఇంటి మీద నాకు ఒళ్ళు మంట. మెల్‌బోర్న్ శివార్లలో, క్లైడ్ నార్త్‌లో మా ఫ్రెండ్స్ ఇళ్ళలో గోడ మీద బటన్ నొక్కితే చాలు, ఇల్లంతా వెచ్చబడుతుంది. మేమేమో వీసా కోసం దూరంగా ఈ బాలరాట్ ఊరికి వచ్చిపడ్డాం కాబట్టి, మాకు దక్కింది ముత్తాతల నాటి చెక్క ఇల్లు, దాని పెరట్లో తుప్పు పట్టిన ఆయిల్ ట్యాంకు. ఆ ట్యాంకులో నూనె ఉంటేనే హాల్లో హీటరు మండుతుంది. ఎంత ఉందో చూపించాల్సిన ముల్లు ఎప్పుడో చచ్చింది. మూత తీసి, కర్ర అడుగుదాకా దించి, ఎంతవరకు తడిసిందో చూసుకోవాలి. ముల్లు బాగుచేయించమని ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటుని అడిగితే "కర్ర ఉందిగా, లవ్!" అంది. ఆ కర్రతో ఆవిడ నెత్తిన ఒకటి పెట్టాలనిపించింది.

మామూలు రోజుల్లో అయితే ఇంకో స్వెట్టరు తగిలించుకుని సర్దుకునేదాన్ని. కానీ మా పింకీ నెలలు నిండకుండానే పుట్టింది. హాస్పిటల్ నుంచి పంపేటప్పుడు డాక్టరు ఒకటే చెప్పింది: గది చల్లబడకూడదు, ఒంట్లో వేడి నిలుపుకునే శక్తి ఈ బిడ్డకింకా రాలేదు. ఇక్కడ జూలై అంటే నడి చలికాలం, గుప్పెడంత పిల్ల. ఆవిడ చెబుతున్నంతసేపూ మా ఆయన సుమంత్ బుద్ధిగా తల ఊపాడు. తల ఊపడంలో అతన్ని మించినవాడు లేడు.

సుమంత్ తెల్లారకుండానే రైలెక్కి మెల్‌బోర్న్ ఆఫీసుకి పోతాడు, చీకటిపడ్డాక వస్తాడు. నాకు ఆపరేషన్ కుట్లు, పెరట్లోకి నడవలేను. అందుకని ట్యాంకు చూసే పని, నాకు సాయంగా తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య కాత్యాయని గారి మీద పడింది. సోమవారం నాడు సుమంత్ ఫోన్ చేసి చూడమన్నాడట. పాపం, ఆవిడ శాలువా కప్పుకుని, మంకీక్యాప్ పెట్టుకుని, ఆ వానలో వెళ్ళి చూసొచ్చింది. కిరసనాయిలు కంపు కొడుతున్న చేతుల్ని సబ్బుతో రుద్దుకుంటుంటే అడిగాను.

"ఎంతుంది అత్తయ్యా?"

"వాడికి చెప్పానమ్మా. తెప్పిస్తాడు. నువ్వు పడుకో."

పడుకున్నాను. నా ఖర్మ.

శుక్రవారం మధ్యాహ్నం పింకీకి పాలిస్తుంటే హీటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అల్మారాలో ఉన్న చిన్న కరెంటు హీటరు పెడితే ఇల్లంతా కరెంటు పోయింది. ఆ పాత వైర్లకి దండం పెట్టాలి. సుమంత్‌కి ఫోన్ కొట్టి స్పీకర్‌లో పెట్టాను.

"హీటర్ ఆగిపోయింది. ఆయిల్ ఎప్పుడొస్తుంది?"

"ఆయిలా? నేను ఆర్డర్ చెయ్యలేదే! ట్యాంక్ ఫుల్ కదా. బర్నర్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది, రీసెట్ కొట్టు."

"ఫుల్ అని ఎవరు చెప్పారు నీకు?"

"అమ్మే చెప్పింది. తనే కదా చెక్ చేసింది!"

అత్తయ్య పక్కనే ఉంది. "నేనెప్పుడన్నానురా ఆ మాట? కర్ర కొస మాత్రమే తడిసిందిరా!"

"మండే నాడు ఫోన్‌లో అన్నావమ్మా, నూనె నిండుకుందని! నిండుకుంది అంటే ఫుల్ అనేగా?"

 అత్తయ్య గోడ పట్టుకుంది.

ఉప్పో పప్పో అయిపోతే మన ఇళ్ళల్లో 'లేదు' అంటామా? నిండుకుంది అంటాం. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నూనె లేదని అనడానికి ఆవిడకి నోరెలా వస్తుంది? ఆ మాటకి అర్థం తెలియాలంటే జన్మలో ఒక్కసారన్నా వంటింట్లోకెళ్ళి ఓ డబ్బా మూత తీసి చూసుండాలి. ఈ మహానుభావుడు ఎనిమిదో తరగతి నుంచి హాస్టల్లో పెరిగాడు. సెలవులకి ఇంటికొస్తే కంచం ముందుకొచ్చేది. పెళ్ళయ్యాక నేను దొరికాను. ఇంట్లో ఏది ఉందో, ఏది నిండుకుందో అతనికెందుకు!

ఆయిల్ కంపెనీ వాళ్ళు సోమవారం దాకా రాలేమన్నారు. ఇల్లు చూస్తుండగానే చల్లబడిపోయింది. పింకీ పాదాలు పట్టుకుంటే ఐసుముక్కల్లా ఉన్నాయి. పాలు తాగడం మానేసింది, ఏడవడం కూడా మానేసింది. అప్పుడు నిజంగా భయమేసింది నాకు. అత్తయ్య ఇంకేం ఆలోచించలేదు. జాకెట్టు హుక్కులు విప్పి, పిల్లని తన గుండెకి ఆనించుకుని, పైన శాలువా, దుప్పటి చుట్టింది. టాక్సీలో హాస్పిటల్‌కి చేరేదాకా పిల్ల వీపు మీంచి చెయ్యి తియ్యలేదు. "తల్లీ, తల్లీ" అంటూనే ఉంది.

హాస్పిటల్లో పింకీని వెచ్చటి దీపం కింద పడుకోబెట్టారు. కాసేపటికి వేళ్ళలోకి రంగొచ్చింది, సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. ఇలా గుండెకి ఆనించి తేవడం మంచిదైందని నర్సు అంది. అప్పుడే సుమంత్ రొప్పుకుంటూ వచ్చాడు. ఇంట్లో ఏం జరిగిందని నర్సు అడిగింది.

సుమంత్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ట్యాంకు మా అమ్మ చూసింది, నిండా ఉందని చెప్పింది, ఆవిడ పెద్దది, ఇక్కడి సంగతులు ఆవిడకి తెలీవు, చిన్న కమ్యూనికేషన్ ఇష్యూ.

అత్తయ్య అంతా వింటోంది. ఇంగ్లీషు పేపరు రోజూ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివే మనిషి ఆవిడ.

"నోర్ముయ్ సుమంత్!" అన్నాను. నర్సు ఉలిక్కిపడింది. పడనీ. "ఆవిడ శుభ్రంగా చెప్పింది. తెలుగు రానిది నీకు! కన్నతల్లి మాట అర్థంకాక పిల్లని చలికి అప్పజెప్పింది నువ్వు! సిగ్గులేకుండా పైవాళ్ళ ముందు ఆవిడ మీద తోస్తావా?"

"అరవకు వైశాలీ, ప్లీజ్. తప్పు నాదే, ఓకే? కానీ అమ్మా, నువ్వు కూడా 'అయిపోయింది' అని సింపుల్‌గా చెప్పుంటే సరిపోయేది కదా. ఇక నుంచి క్లియర్‌గా చెప్పమ్మా."

అత్తయ్య శాలువా సర్దుకుని కొడుకు మొహంలోకి చూసింది.

"ఓకే. ఐ విల్ టెల్ క్లియర్లీ," అంది.

అతను తెల్లబోయాడు. ఏం చెయ్యాలో తోచక వెళ్ళి మెషిన్ దగ్గర టీ తెచ్చాడు. "పొద్దుట్నించీ ఏమీ తిన్లేదు కదమ్మా, తాగు."

"నో, థాంక్యూ."

"అమ్మా, కోపమొస్తే తిట్టు. ఇంగ్లీషేంటమ్మా నాతో?"

"నాట్ యాంగ్రీ," అంది ఆవిడ.

అతను టీ కప్పు కుర్చీ మీద పెట్టేశాడు. "అమ్మా, దండం పెడతాను. తెలుగులో మాట్లాడమ్మా."

ఆవిడ పింకీ పక్కకి వచ్చి, వేలు అందించి, పిల్ల ఆ వేలు పట్టుకునేదాకా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆవిడ కళ్ళల్లో కోపం లేదు. భయం ఉంది.

"నేనొకటి చెబితే వాడికి ఇంకోటి వినపడుతోంది వైశాలీ," అంది. "పసిపిల్ల ప్రాణమమ్మా. వాడితో తెలుగు నాకొద్దు."