కొండపిండి ఆకు

అంతయ్య జీపులో వెనక గడ్డి పరిచి, దాని మీద బొంత వేశాడు. కొమురవ్వ పడుకోలేకపోయింది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని ముందుకు వంగి కూర్చుంది. అట్లా వంగితేనే కొంచెం ఊపిరి ఆడుతోంది. నొప్పి రొమ్ము కింద పుట్టి వీపులోకి పొడుస్తోందట. పొద్దటి నుంచి ఏడుసార్లు కక్కింది. చివరి రెండుసార్లూ పచ్చటి పసరే.

చొప్పదండి దాటాక నేను జీపు ఆపించి, చేను గట్టు మీద కొండపిండి ఆకు పీకి కండువాలో మూట కట్టుకున్నాను.

"అక్క పానం మీదికొస్తే గడ్డి పీకుతున్నవా బావా? బర్రెకా?" అని అంతయ్య అరిచాడు. కొమురవ్వ నా భార్య. అంతయ్య ఆమె తమ్ముడు.

కరీంనగర్‌లో రక్తం పరీక్ష చేశారు. డాక్టరు కాగితం చూసి, "క్లోమం వాచింది. ఈమె తాగుతదా?" అని అడిగాడు.

"పండుగకు గిలాసెడు కల్లు సార్. గంతే," అన్నాడు అంతయ్య.

"ఇంతకుముందు ఎన్నడన్న కడుపు స్కాన్ తీయించిన్రా?"

"లే సార్. మా అక్క ఎన్నడు మంచం పట్టలే."

నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. స్కాన్ కాగితం మా ఇంటి వాసాల సందులో ఉంది.

పోయిన వానాకాలం తీయించాను. పసరు తిత్తిలో రాళ్లున్నాయి, కోసి తిత్తి తీసేయాలన్నారు. అంతయ్యకు చెప్తే మర్నాడే కోయించేవాడు. అందుకే చెప్పలేదు. అంతకు ఐదేండ్ల ముందు నాకు మూత్రంలో రాయి పడితే కొండపిండి రసం, ఉలవకట్టు తాగాను. పడిపోయింది. రాయంటే రాయే అనుకున్నాను. రోజూ తెల్లవారుతూనే ఆకు దంచి ఆమెకు గ్లాసెడు రసం పోశాను. రెండు నెలలకు నొప్పి లేదంది. రాళ్లు కరిగాయని నేనే చెప్పాను. ఊళ్లో ఇంకా నలుగురికి చెప్పాను.

"స్కాన్ ఉన్నది సార్," అన్నాను.

అంతయ్య నా దిక్కు తిరిగాడు. అంతా చెప్పాను. డాక్టరు తిట్టలేదు. పెన్ను బల్ల మీద పెట్టాడు.

"నీ రాయి మూత్రం తొవ్వల ఉండె. ఈమెవి పసరు తిత్తిల. మేకను కోస్తే కార్జం కింద పచ్చటి తిత్తి తీసి పారేస్తరు సూడు, గదే. అండ్లకెళ్లి చిన్న రాయొకటి జారి క్లోమం రసం పోయే తొవ్వకు అడ్డం పడ్డది. ఆ రసం బయటికి పోలేక క్లోమాన్నే తింటున్నది. రాయి తీసే సామాను మా దగ్గర లేదు. హైదరాబాద్ తీస్కపోండ్రి. చుక్క నీళ్లు సుత తాపొద్దు. పెదవులు తడుపుండ్రి, గంతే."

"బతుకుతదా సార్?"

"ముందు బయలుదేరుండ్రి."

అంతయ్య నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "నాకొక్క మాట జెప్పకపోతివి," అని ఆమెకు ఎక్కిస్తున్న గ్లూకోజు సీసా తీసుకొని జీపెక్కాడు. దాన్ని పైకెత్తి పట్టుకొని ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

బస్టాండు దాటాక కొమురవ్వ నా కండువా పట్టుకుంది. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి.

"ఆకు తెచ్చినవు గద. రసం పొయ్యి."

"వద్దన్నరు."

"నువ్వు పోస్తే తాగుత."

"కొమురవ్వా, రాళ్లు కరగలే. తెల్వక జెప్పిన."

ఆమె మెల్లగా అంది: "నాకెర్కే. నొప్పి ఎన్నడు పోయింది? నువ్వు పొద్దుగాల మంచుల గట్లెంబడి తిరిగి తెస్తుంటివి. పోలేదని ఎట్లనాలె?"

అంతయ్య సీసాను ఇంకో చేతికి మార్చుకున్నాడు. వెనక్కి తిరగలేదు.

వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారింది.

"మానేర్ల నీళ్లున్నయా?" అని అడిగింది.

తొంగి చూశాను. వంతెన కింద అంతా ఇసుకే. గుడ్డ తడిపి ఆమె పెదవుల మీద పెట్టాను. దాన్ని పళ్లతో పట్టుకొని చప్పరించబోయింది.

"వదులు," అన్నాను. వదల్లేదు. దవడ పట్టుకొని గుంజాల్సి వచ్చింది.

హైదరాబాద్ దారిలో ముందొచ్చే తిమ్మాపూర్ కూడా ఇంకా రాలేదు.