మాస్టారి మోకాలి చరిత్ర

హైస్కూలు నుంచి ప్రాథమిక పాఠశాలకు బదిలీ అయినప్పుడు చరిత్ర మాస్టారు బాగా నొచ్చుకున్నారు. సామ్రాజ్యాల పతనం గురించి నీళ్లు కూడా తాగకుండా గంటల తరబడి దంచగల తనంతటివాణ్ణి తెచ్చి పాలపళ్లు ఊడుతున్న పిల్లల ముందు నిలబెట్టడమేమిటని ఆయన బాధ. అయినా పెద్ద మనసు చేసుకుని మూడో తరగతిని ఉద్ధరించడానికి సిద్ధపడ్డారు.

మొదటి పాఠం ఒక పాతకాలపు యుద్ధం. సుద్దముక్కను కత్తిలా తిప్పారు. రాజు చనిపోయే ఘట్టంలో గొంతు వణికించారు కూడా. పాఠం ముగించి, పిల్లలు కళ్లు తుడుచుకుంటారేమోనని చూశారు. ముందు బల్ల మీది రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"సార్, అప్పుడు మీరు ఎటువైపున్నారు?"

"నేనింకా పుట్టలేదమ్మా."

"మరి మీకెలా తెలుసు?"

"పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినాయన చూశాడా?"

"ఆయనా అప్పటికి పుట్టలేదు."

తరగతంతా మాస్టారి వంక జాలిగా చూసింది. ఆధారాల గురించి ఆయన లావుపాటి పుస్తకాలు చదివారు, పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశారు. ఆ క్షణాన ఒక్క ముక్క నోటికి వస్తే ఒట్టు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే మాస్టారి అమ్మ పడీపడీ నవ్వింది. "పిల్ల అడిగినదాంట్లో తప్పేముందిరా?"

అప్పుడు మాస్టారి బుర్రలో దీపం వెలిగింది. రాజులెందుకు, కళ్లెదుట ఉన్న మనిషి చెబితే వింటారు కదా! మర్నాడు తరగతిలో తన చిన్ననాటి పరుగుపందెం గురించి చెప్పారు. చరిత్రలో ఇన్ని విషయాలుండగా, తను మొదటి బహుమతి కొట్టిన విషయమే ఆయనకు తోచడం యాదృచ్ఛికమనే అనుకుందాం. "కావాలంటే మా అమ్మను తీసుకొస్తాను, అడగండి" అని కూడా అన్నారు.

అమ్మ వచ్చింది. కుర్చీలో సర్దుకుని కూర్చుని, కళ్లజోడు తుడుచుకుంది. రెండు జడల పిల్ల ఊరుకుంటుందా?

"బామ్మగారూ, సార్ పరుగుపందెంలో ఫస్టంట కదా?"

"ఫస్టా? వీడా?" అమ్మకు పొలమారింది. "బూటు లేసు తట్టుకుని బోర్లా పడ్డాడు. అందరికన్నా ఆఖర్న వచ్చాడు."

పిల్లలు బల్లలు చరిచారు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, నాకు బాగా గుర్తు! నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. గెలవకపోతే ఎందుకు ఎక్కించుకుంటాడు?"

"మోకాలు చీరుకుపోయి నడవలేకపోయావు కాబట్టి!"

ఇన్నేళ్లుగా మనసులో జెండాలా ఎగరేసుకున్న విజయయాత్ర కాస్తా ఒక్క మాటతో మోకాలిగాయమైపోయింది.

ఇంతలో ఆ పిల్ల అమ్మ వైపు తిరిగింది. "బామ్మగారూ, మీరు చూశారా?"

అమ్మ తడబడింది. "నేనెక్కడ చూశాను తల్లీ! కుట్టుమిషను ముందు కూర్చునుంటే వీళ్ల నాన్న వచ్చి చెప్పాడు."

"అయితే మీరూ చూడలేదు!"

మాస్టారికి ప్రాణం లేచివచ్చింది. "చూశారా, అమ్మది కూడా విన్నమాటే" అనడానికి ఆయన గొంతు సవరించుకునేలోపే వెనక బల్ల నుంచి కేక వచ్చింది. "సార్, మోకాలు చూపించండి!"

చూపించక తప్పలేదు. ప్యాంటు పైకి మడిచారు. పిల్లలంతా బిలబిలా వచ్చి చుట్టూ మూగారు. నిజంగానే పాత మచ్చ ఒకటి తెల్లగా మెరుస్తోంది.

"పడ్డారు! సార్ పడ్డారు!"

"ఆ రోజే పడ్డారని ఏంటి నమ్మకం?" అన్నాడు మరొకడు. "సార్ ఎప్పుడూ పడుతూనే ఉంటారుగా. నిన్న కుర్చీ తట్టుకుని పడబోలేదూ?"

వాదన ముదిరింది. పడినవాడు లేచి గెలవకూడదా అని ఒక వర్గం. మోకాలు చీరుకుపోతే ఎలా గెలుస్తాడని ఇంకో వర్గం. గోలకు హెడ్మిస్ట్రెస్ పరుగెత్తుకొచ్చింది. మాస్టారు ఒక కాలు బల్ల మీద పెట్టి నిలబడ్డారు, అమ్మ వేలితో మచ్చ చూపిస్తోంది, తరగతి మొత్తం దాని మీదికి వంగి ఉంది.

"ఏం జరుగుతోందిక్కడ?"

"చరిత్ర, మేడం" అన్నారు మాస్టారు. ప్యాంటు దించుకోవడం కూడా మర్చిపోయారు.

ఆవిడ పిల్లల ముఖాలు చూసింది, ఆయన మోకాలు చూసింది, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

ఇంటికి నడుస్తూ మాస్టారు మూతి ముడుచుకునే ఉన్నారు. అమ్మే కదిపింది.

"మీ నాన్న నిన్ను గుమ్మంలో దించి ఏమన్నాడో తెలుసా? 'పడ్డాక కూడా లేచి చివరిదాకా పరిగెత్తాడే, అప్పటికి చూసేవాళ్లు కూడా ఇంటిదారి పట్టేశారు' అన్నాడు. ఆ రాత్రంతా అదే మాట."

మాస్టారు ఆగి అమ్మ ముఖంలోకి చూశారు. నిజమా, తన మూతి చూసి అప్పటికప్పుడు అల్లిందా? అడగాలని నోటిదాకా వచ్చింది.

అడగలేదు. ఆధారం లేకుండానే నమ్మేశారు. చరిత్ర మాస్టారు సిగ్గుపడాల్సిన పనే అది.