నడుస్తూ చెప్పిన మాట

వేన్నీళ్ల బకెట్ మోసేటప్పుడు నూకమ్మకు గుండె జబ్బు ఉండదు. మూడు పూటలా వండి వార్చేటప్పుడూ ఉండదు. ఆదివారం తెల్లారి బూట్లు వేసుకుని గుమ్మం దాటబోయేసరికి మాత్రం ఎక్కడలేని జబ్బూ వచ్చి పడుతుంది. అది ఆమెకంటే ముందు మొగుడు పోలరాజుకు కనిపిస్తుంది.

"కొండెక్కుతావేటే? లోపల స్ప్రింగేసినారు, మర్సిపోనావా?" అన్నాడు మంచం మీంచి లేవకుండానే.

స్ప్రింగ్ అంటే స్టెంట్. వేసి మూడు నెలలైంది. పోలరాజు ఈ హిందీ ఊరి ప్లాంటులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయినవాడు, ఈ లోకంలో ప్రతిదీ అతనికి మెషీనే. ఆసుపత్రి నుంచి వచ్చిన పదో రోజున, "రిపేరు షట్‌డౌన్ అయిపోనాది, ఇంక లైన్లోకి రా," అని వంటింటి వైపు చూశాడు. రోజూ నడవాలని డాక్టరు అంటే, ఆమె నోరు విప్పేలోగా తనే, "ఇంట్లో రోజల్లా తిరుగుతానే ఉంటాది సార్," అని జవాబిచ్చాడు. డాక్టరు మందులు రాస్తూనే, "అది పనండీ. నడక వేరు," అన్నాడు. ఆయనకు దండం పెట్టాలనిపించింది నూకమ్మకు. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆమె చేసేదాన్ని పని అన్నవాళ్లు లేరు.

ఫిజియోథెరపిస్టు పద్మశ్రీ, డాక్టరు సరేనన్నవాళ్లను ఆదివారాలు ఆటోలో ఊరవతలి దల్మా కొండకు తీసుకెళ్లి నడిపిస్తుంది. మొదట చదును నేల, తర్వాత మెల్లగా ఎక్కుడు. చదును నేల పూర్తయ్యాక నూకమ్మకు రెండు ఆదివారాలు తప్పిపోయాయి. ఒకసారి ఆడపడుచు వచ్చింది, ఇంకోసారి పోలరాజు పాత షిఫ్టువాళ్లకు మాంసం వండాల్సి వచ్చింది. ఈసారీ మానేస్తే మళ్లీ చదును నేల నుంచే మొదలుపెట్టాలని చెప్పింది పద్మశ్రీ. కొడుకు హరిప్రసాద్ ఫోన్లోంచి తలెత్తకుండా, "ఛత్ పే ఘూమ్ లో నా మమ్మీ," అని హిందీలో డాబా మీదే తిరగమన్నాడు. డాబా మీదైతే పిలవగానే దిగి రావచ్చు కదా మరి.

నూకమ్మ బూట్ల తాళ్లు బిగించుకుని, వీధి చివర సిద్ధగోరా చౌరస్తాలో ఆటో ఎక్కేసింది.

కొండ దారి ఎర్రగా ఉంది. సాల్ చెట్ల మధ్య ఇప్పపూలు రాలి తియ్యటి వాసన. కొండ దారికి పద్మశ్రీ పెట్టిన నియమం ఒక్కటే: నడుస్తూ మాట్లాడాలి, మాట మధ్యలో ఊపిరి తెగితే ఆగిపోవాలి. "ఏదో ఒకటి చెప్పండి ఆంటీ," అంది.

ఏం చెప్పాలో నూకమ్మకు తోచలేదు. ఇంట్లో ఆమె మాటలన్నీ రెండేసి ముక్కలే. గ్యాస్ అయిపోయింది. టీ చల్లారిపోతోంది. వత్తన్నా. మిగతాది నోట్లో ఉండగానే అవతలివాళ్లు అందుకుంటారు. చివరికి సిగ్గుపడుతూనే, "మాయమ్మ పార్వతీపురం కాడ ఇప్పపూలు ఏరీది, ఎండబెట్టి బెల్లమేసి ఉడకేసీది, నానూ తమ్ముడూ కొట్టుకునీవోళ్లం," అంది. ఎవరూ అడ్డు రాలేదు. అంత పొడుగు మాట తనదేనా అని ఆమెకే వింతగా తోచింది, సంతోషమూ వేసింది.

ఎక్కుడు మొదలైన చోట ఫోన్ మోగింది.

"యాడున్నావే? బావొచ్చినాడు. టిఫినుకేటి సేత్తావు?" అన్నాడు పోలరాజు.

పద్మశ్రీ ఆగమని చెయ్యి చూపించింది. నూకమ్మ ఆగలేదు.

"మావా, నాను కొండెక్కుతన్నాను, దిగీసరికి పన్నెండవుతాది, పిండి ఫ్రిజ్జిలో ఉంది, అట్లు నువ్వే ఎయ్యి, ఇకమీదట ఆదివారం పొద్దున్న నాను ఇంట్లో ఉండను, ఇంటికొచ్చిన అన్నయ్యకీ ఆ మాటే సెప్పు."

"ఏటీ?" అన్నాడు పోలరాజు.

అడుగు తగ్గించకుండా అదంతా మొదటి నుంచి మళ్లీ చెప్పి ఫోన్ పెట్టేసింది.

పద్మశ్రీ కంగారుగా ఆమె ముఖంలోకి చూసింది. "ఊపిరి ఎలా ఉంది ఆంటీ?"

"తెగనేదమ్మా," అంది నూకమ్మ. "పద."