వెనక మెట్ల మీద ఒక పూట

ఆ మేడలో లిఫ్టు ఇళ్లవాళ్లకి, వెనక మెట్లు పనివాళ్లకి. పొద్దున ఆరింటికల్లా ఆడవాళ్లంతా ఆ మెట్లెక్కేవాళ్లు. నోరు మూసుకుని ఎక్కితే ఐదో అంతస్తుకి ఎనభై మెట్లు. కబుర్లు చెప్పుకుంటూ ఎక్కితే నూరో, నూట ఇరవయ్యో అయ్యేవి.

"మాటలు తగ్గించండర్రా, మెట్లు పెరుగుతున్నాయి," అని ముందున్నవాళ్లు విసుక్కునేవాళ్లు.

ఐదో అంతస్తులో వంట చేసే పెద్దక్క, ఆదివారం సెలవు కావాలని ఒక కాగితం రాయించింది. అందరూ చదివించుకున్నారు గానీ, సంతకం దగ్గరికొచ్చేసరికి ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొచ్చింది.

"మా అమ్మాయి నన్ను వెలుగులో చూసి ఎన్నాళ్లయిందో అక్కా," అంది పొట్టిది. పక్క వాటాలో పసిపాపని ఆడిస్తుందామె. "కానీ ఈ పని పోతే దాని కడుపెవరు నింపుతారు?"

కాగితం సంగతి మేడ మేనేజరు చెవిన పడింది. మర్నాడు కూర ఇంకా పొయ్యి మీద ఉండగానే పెద్దక్కని వెళ్లిపొమ్మన్నారు. పదకొండేళ్ల వంటిల్లు. ఆమె సామానంతా ఒక్క సంచిలో పట్టింది. ఆ సంచి మోయడానికి పొట్టిది వెంట దిగింది.

"పాపో?" అంది పెద్దక్క.

"నిద్రపోతోంది. వాళ్లమ్మ ఇంట్లోనే ఉంది. రెండు నిమిషాల్లో వచ్చేస్తా."

నాలుగో అంతస్తు దగ్గర అంట్లు తోమే ఆవిడ ఎదురై, విషయం విని, ఏడుస్తూ తోడు దిగింది. తర్వాత మరో ఇద్దరు. ఒకామె మేనేజరుని తిట్టింది, ఇంకొకామె తన గోడు వెళ్లబోసుకుంది. మలుపు తిరిగితే మళ్లీ మెట్లే. పైనుంచి దిగేవాళ్లూ, కిందనుంచి ఎక్కేవాళ్లూ కలుస్తూనే ఉన్నారు. కాళ్లు పీకి చివరికి అందరూ కూలబడ్డారు. కిటికీలోంచి పడే ఎండ ఒక గోడ వదిలి రెండో గోడ పట్టుకుంది.

"పాప ఎప్పుడో లేచుంటుంది," అంది పొట్టిది. "నా పనీ పోయినట్టేగా. ఆ కాగితం ఇటివ్వక్కా."

ఆమె సంతకం పెట్టాక, మిగతావాళ్లు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు.

వాళ్లు గేటు చేరేసరికి సాయంత్రం నాలుగైంది. ఆ పూట మేడ మొత్తంలో ఒక్క గిన్నె కడగలేదు, ఒక్క గది ఊడవలేదు. ప్రతి అంతస్తులోనూ పిల్లల ఏడుపు.

గేటు దగ్గరే కాచుకునున్న మేనేజరు కాగితం తీసుకుని, దాని మీది ఇరవై ఆరు సంతకాలూ లెక్కపెట్టి, తిరిగిచ్చేశాడు. నెలకి రెండు ఆదివారాలు ఇస్తామన్నాడు. పెద్దక్కని మాత్రం మళ్లీ గేటు దాటనివ్వద్దని కాపలావాడికి చెప్పాడు. పొట్టిది నోరు తెరవబోతే పెద్దక్క ఆమె చెయ్యి నొక్కింది.

"ఇచ్చింది పుచ్చుకోండే. మిగతాది మళ్లీ అడగండి."

కాగితం పొట్టిదాని కొంగున ముడేసి వెళ్లిపోయింది. ఆ చుట్టుపక్కల ఏ వంటింట్లోనూ ఆమెకి మళ్లీ పని దొరకలేదు.

మొదటి ఆదివారం పొట్టిది కూతురికి తల దువ్వుతూ కూర్చుంది. పిల్ల గుమ్మం వైపు చూస్తూ, "ఎప్పుడెళ్తావు?" అని అడిగింది.

"ఇవాళ వెళ్లను."

పిల్ల నమ్మలేదు. తల్లి చెప్పులు ఒళ్లో పెట్టుకుని, పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంది.