పెట్టినచోటే ఉండే కంప్యూటర్

దారాలమ్మ కంప్యూటర్‌లో ఒక సరస్సు ఉండేది. తెర నిండా నీళ్ళు, అవతల నీలం కొండ, ఇవతల రెల్లు పక్కన ఒక పడవ, పైన తెల్లటి మబ్బు. కొన్ననాడు దాంతోపాటు వచ్చిన బొమ్మే. ఇంకొకరైతే బొమ్మే కదా అని ఊరుకునేవారు. దారాలమ్మ మాత్రం అందులో కాపురం పెట్టేసింది.

ఆవిడది ఎంబ్రాయిడరీ మిషన్ షాపు. బట్టల మీద పేర్లూ గుర్తులూ కుట్టించుకునేవాళ్ళు వస్తారు. ఒక్కో డిజైనుకు కంప్యూటర్‌లో ఒక్కో ఫైలు. ఆ ఫైలును ఆవిడ బొమ్మలో తనకు తోచినచోట దింపేది. ఆస్పత్రి నర్సుల తామరపువ్వు నీళ్ళలో, రొట్టెల దుకాణంవాళ్ళ గోధుమ కంకి కొండ వాలున, బడిపిల్లల సూర్యుడు మబ్బు పక్కన. పేరేమిటని కంప్యూటర్ అడిగితే, వేలు పడ్డ అక్షరాన్నే టకటకా నొక్కేసి ముందుకు పోయేది. నీళ్ళలో పువ్వు కళ్ళెదుటే ఉంటే దానికి పేరెందుకు చెప్పండి?

మధ్యాహ్నం మిషన్ చప్పుడుకి కునుకు పట్టిందంటే చాలు, ఆవిడ ఆ పడవెక్కేది. నీళ్ళ అడుగున దారాలు చేపల్లా మెరుస్తూ పోయేవి. కొండ దగ్గరికొచ్చేసరికి ఎండ కూడా మెత్తగా, దూదిలా ఒంటికి తగిలేది.

అలాంటి కంప్యూటర్ ఒక ఉదయం గుర్రుమని మూలిగి ఆరిపోయింది. మెకానిక్ కొత్తది తెచ్చి పెట్టాడు.

“పాతదాంట్లో ఉన్నవన్నీ ఎక్కించాను పెద్దమ్మా. మీ సరస్సుతో సహా.”

సరస్సు ఉన్నమాట నిజమే. కానీ కొండ మీదివీ నీళ్ళలోవీ మబ్బు పక్కవీ అన్నీ ఒక పక్కకొచ్చి, ప్రార్థనకు నిలబెట్టిన బడిపిల్లల్లా వరసకట్టి ఉన్నాయి. నీళ్ళు ఖాళీ.

సాయంత్రానికి పెద్దనర్సు తెల్లకోట్ల కోసం వస్తుంది. తామరపువ్వు దొరికితేగానీ మిషన్ కదలదు. అంతకంటే పెద్ద గుబులు ఇంకొకటి ఉంది. కంప్యూటర్ ముందు కుర్చీలో ఇకమీదట తను కూచుంటానని కోడలు కొన్నాళ్ళుగా అంటూనే ఉంది. ఇవాళ ఆ మాటకు బలం వచ్చింది.

“లేవండత్తయ్యా, నేను వెతుకుతాను. మీరు హాయిగా దారాలు కత్తిరించుకుంటూ కూచోండి, చాలు.”

దారాలమ్మ లేచింది. లేచాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆవిడకి.

కోడలు ‘తామర’ అని కొట్టింది. రాలేదు. ‘పువ్వు’ అంది, అదీ లేదు.

“దీనికేం పేరు పెట్టారు?”

“ఏదో నొక్కాను.”

“ఏదో అంటే?”

“ఆ వేళ వేలు ఎక్కడ పడితే అది.”

కోడలు వరసలోవి పైకి చదివింది. “కకక, కకకక, గగగ, కకకకక... ఇవి డిజైన్లా అత్తయ్యా, కప్పల కచేరీయా?”

ఒక్కొక్కటీ తెరిచి చూద్దామంటే, చూసినదాన్ని పక్కకు లాగినా మళ్ళీ పరుగెత్తుకెళ్ళి వరసలో దూరుతోంది. ఏది చూశారో ఏది చూడలేదో తెలియదు. ఒకే బాతు డిజైను మళ్ళీ మళ్ళీ ఎదురై ఇద్దరి మొహాలూ చూసింది.

మెకానిక్‌కు జాలేసింది. “ఇది కిటికీ గుర్తుది. కుదరకపోతే నా సంచీలో ఇంకో రెండు రకాలున్నాయి, చూడండి” అని కొరికిన పండు గుర్తుది తీసి బల్ల మీద పెట్టాడు. అద్దంలా ఉంది. మూసే బొత్తం కోసం దారాలమ్మ కుడిపక్క తడిమితే అది ఎడమపక్కనుంది.

“బాగానే ఉంది నాయనా, పెళ్ళివారింట్లో ఉన్నట్టుంది. ఏది ముట్టుకుంటే ఏమంటారో.”

“అలవాటైపోతుంది. కాకపోతే మీ మిషన్‌కీ దీనికీ మాటల్లేవు.”

“ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా” అంది కోడలు.

తర్వాత పక్షి గుర్తుది తెరిచాడు. తెర మీద ఒక్క వస్తువు లేదు.

“ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇల్లులా ఉందేం?”

“అన్నీ లోపలుంటాయి పెద్దమ్మా. పైసా ఖర్చు లేదు, నమ్మకమైంది. పేరు చెప్పి అడిగితే తెచ్చిస్తుంది.”

“ఆ పేర్లే తెలిస్తే నీతో పనేముంది?”

మెకానిక్ తల గోక్కున్నాడు. “అసలు మీకేం కావాలో చెప్పండి. స్పీడు కావాలా, చూడ్డానికి బాగుండాలా, ఏం కావాలి?”

“పెట్టింది పెట్టినచోట ఉండాలి. అంతే.”

అతను కొత్త కంప్యూటర్ ముందుకు వంగి, ఖాళీ నీళ్ళ మీద మౌస్ కుడి మీట నొక్కి, వచ్చిన పట్టీలో ఒక టిక్ తీసేశాడు.

“దీని సర్దుడు మాన్పించాను. ఇప్పుడు లాగి చూడండి.”

కోడలు బాతును లాగింది. అది వదిలినచోటే నీళ్ళ మీద నిలబడింది.

“రెల్లు దగ్గరికి తీసుకెళ్ళు. అది ఈతకొలను పిల్లలది” అంది దారాలమ్మ వెనకనుంచి.

తర్వాత గోధుమ కంకి కొండెక్కింది. సూర్యుడు మబ్బు చేరాడు. “ఇదెక్కడ?” అని కోడలు అడగడం, ఈవిడ చెప్పడం. ఏ చొక్కా మీద ఏ రంగు దారం వాడిందో, ఎవరు వచ్చి ఏం మాట్లాడి వెళ్ళారో కూడా చెబుతోంది. వరస తరుగుతోంది, సరస్సు నిండుతోంది. గదిలో మాటలు కూడా నీళ్ళ మీంచి వస్తున్నట్టు మెల్లబడ్డాయి. మెకానిక్ సంచీ భుజాన వేసుకుని కూడా కదలకుండా నిలబడిపోయాడు.

ఏదో ఫైలు తెరిస్తే తామరపువ్వు విచ్చుకుంది. కోడలు దాన్ని నీళ్ళలో దింపి లేచి నిలబడింది.

“కూచోండత్తయ్యా. మీ ఊళ్ళో దారులు మీకే తెలుసు. నేను అడుగడుక్కీ అడగాల్సొస్తోంది.”

దారాలమ్మ కూచుంది. మిషన్ కదిలింది.

పెద్దనర్సు వచ్చేసరికి కోట్లు మడతపెట్టి ఉన్నాయి. ఆవిడ పువ్వు మీద వేలు పెట్టి నిమిరి చూసి, పసిపిల్లల వార్డు దుప్పట్లకు ఒక నత్త బొమ్మ కావాలంది. ఆవిడ వెళ్ళాక కోడలే పక్కన నిలబడి నత్తను గీసింది. పేరు అడిగితే నీటుగా ‘నత్త’ అని కొట్టింది.

“ఎక్కడ పెట్టమంటారు?”

“నీ ఇష్టం. ఈసారి నన్ను వెతుక్కోనీ.”

కోడలు నత్తను పట్టుకుని తెరంతా తిరిగింది. కొండ దాటింది, నీళ్ళు దాటింది, చివరికి ఒడ్డున గడ్డి మొదలయ్యేచోట వదిలింది.

“అంత దూరాన ఎందుకే?”

“నత్త కదండీ. నీళ్ళదాకా దాన్నే నడవనివ్వండి.”

దారాలమ్మకు నవ్వొచ్చింది. కుర్చీని కొంచెం పక్కకు జరిపి, ఇంకో కుర్చీ పట్టేంత చోటు చేసింది.