భార్గవి పేరు మీద ఒక పుస్తకం

నాగేంద్రకు కంప్యూటరంటే భయం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ యేడు, అంటే తొంభై ఏడులో, యూనివర్సిటీ లైబ్రరీలో సగం మంది స్టాఫు కంప్యూటర్ గది ముందు చెప్పులు విప్పి, లోపలికి తొంగి చూసి, మళ్ళీ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. నాగేంద్ర దిగులల్లా ఒక్కటే. ఆ యంత్రం వచ్చి తన కూతురి పేరు తీసేస్తుందేమోనని.

కూతురు భార్గవి పోయి అప్పటికి ఆరేళ్ళు. ఒక్కగానొక్క పిల్ల. ఎమ్మెస్సీ బోటనీ రెండో సంవత్సరంలో ఉండగా మెదడువాపు జ్వరం వచ్చింది. నాలుగంటే నాలుగే రోజులు. ఆ దేవుడికి కళ్ళున్నాయో లేవో ఎవరినడగాలి! ఐదో రోజున తార్నాకలోని ఇంట్లో ఆమె బల్ల మీద లైబ్రరీ పుస్తకం ఒకటి మిగిలింది. ఫెర్న్ మొక్కల మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, ఎక్కడా మళ్ళీ దొరకనిది. సగంలో గుర్తుగా బస్సు టికెట్ పెట్టి ఉంది.

ఆ పుస్తకం ఇచ్చింది నాగేంద్రే. ఇష్యూ కౌంటర్ ఇన్‌ఛార్జి ఆయనే మరి. అప్పట్లో పద్ధతి ఇలా ఉండేది. పుస్తకంలో ఉండే చిన్న కార్డు తీసి, విద్యార్థి పేరున్న జేబులాంటి టికెట్‌లో దోపి, తిరిగి ఇవ్వాల్సిన తేదీ వెనక ట్రేలో నిలబెడతారు. పుస్తకం వస్తే కార్డు పుస్తకంలోకి, టికెట్ విద్యార్థి చేతికి. రాకపోతే అది ట్రేలోనే నిలబడి ఉంటుంది. అన్ని పుస్తకాలూ వెనక్కి ఇస్తేనే 'నో డ్యూస్' కాగితం. ఆ కాగితం చేతికొచ్చిందంటే ఇక ఆ విద్యార్థికి, యూనివర్సిటీకి రుణం తీరిపోయినట్టే.

నాగేంద్ర ఆ రుణం తీరనివ్వలేదు. పుస్తకం భార్గవి పేరు మీద ఉన్నంతకాలం భార్గవి ఇంకా ఇక్కడి విద్యార్థే కదా! పద్నాలుగు రోజులకోసారి, శనివారం పూట, భార్య ఈశ్వరమ్మ ఆ పుస్తకాన్ని తెల్ల తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టి ఇచ్చేది. పుస్తకం చూపించనిదే రెన్యూ చేయకూడదని రూలు. రూలంటే రూలే, సొంత కూతురైనా సరే. ఆయన తార్నాకలో బస్సెక్కి దాన్ని లైబ్రరీకి మోసుకెళ్ళి, తేదీ ముద్ర కొట్టి, టికెట్‌ను రెండు వారాలు ముందుకు జరిపి, సాయంత్రం మళ్ళీ ఇంటికి మోసుకొచ్చేవాడు. నూట యాభై సార్లకు పైగా. ముద్రలు నిండిన కాగితం మీద కొత్త కాగితం, దాని మీద ఇంకొకటి అంటించి అంటించి చివరి అట్ట ఉబ్బిపోయింది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడలేదనుకున్నాడు. అటెండర్ రాజలింగు ఎప్పుడో చూశాడు. ఆ శనివారాల్లో సరిగ్గా ఆయన సంచి విప్పే వేళకు, "సార్, జర చాయ్ తాగొస్త" అని లేచి వెళ్ళిపోయేవాడు. పుస్తకాల లెక్క తీసినప్పుడు కూడా, "గది ఇష్యూల ఉన్నది సార్" అని పై మాట రానిచ్చేవాడు కాదు. ఇద్దరి మధ్యా దాని గురించి ఒక్క మాటా నడవలేదు.

అలాంటి సమయంలో లైబ్రేరియన్ శశిధర్ గారు ట్రేలు తీసేసి కంప్యూటర్ పెట్టాలన్నారు. ఏ ప్యాకేజీ కొనాలో తేల్చడానికి కమిటీ వేసి, కౌంటర్ అనుభవం ఉందని నాగేంద్రను కూడా వేశారు.

రెండు ప్యాకేజీలు చూశారు. మొదటిది నాలుగైదు కాలేజీల్లో అప్పటికే నడుస్తున్నది. దాని డెమో అయ్యాక నాగేంద్ర లేచి అడిగాడు: "ఒక పుస్తకాన్ని ఎన్నిసార్లు రెన్యూ చేయొచ్చు?"

"రెండుసార్లు సార్. మూడోసారి సిస్టమే ఒప్పుకోదు" అన్నాడు డెమో ఇచ్చినతను, అదేదో గొప్పన్నట్టు.

రెండోది ఇక్కడి చిన్న కంపెనీది. నాగేంద్ర వాళ్ళ మనిషినీ అదే అడిగాడు.

"అది మీ ఇష్టం సార్. ఎన్ని పెడితే అన్ని. సున్నా పెట్టారంటే లిమిట్టే ఉండదు."

నాగేంద్ర ఆ ప్యాకేజీ పేరు కింద గీత గీసుకున్నాడు. కానీ కమిటీ మొత్తం మొదటి దానివైపే మొగ్గింది. నోట్లో నాలుక లేని మనిషని పేరుపడ్డ నాగేంద్ర ఆ రోజు నోరు తెరవక తప్పలేదు. అసలు కారణం చెప్పలేడు. అందుకని రెండో ప్యాకేజీలో ఇంకేం బాగుందా అని వెతికి, రిజర్వేషన్ అనే సౌకర్యాన్ని పట్టుకున్నాడు.

"సార్, పద్దెనిమిదేండ్లుగా నేను కౌంటర్లో కూర్చోనుండా. పిల్లోళ్ళొచ్చి పుస్తకం యాడుందంటే 'బయట పోయింది' అని చెప్పి పంపిస్తా ఉండాం. ఎవురి దగ్గరుండాదో మనకే తెలీదు. ఇందులో అయితే పేరు కనపడతాది. పేరు రాసిపెట్టుకున్నోళ్ళకే ముందు పుస్తకం. అడిగిన బిడ్డకు పుస్తకం దొరకాల గదా సార్!"

శశిధర్ గారు కళ్ళజోడు తీసి ఆయన వంక చూశారు. "పాఠకుల గురించి ఆలోచించింది మీరొక్కరే నాగేంద్ర గారూ" అన్నారు. రెండో ప్యాకేజీయే ఖాయమైంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని పాపం ఆయనకు అప్పుడేం తెలుసు!

సభ్యుల పేర్లు ఎక్కించేటప్పుడు భార్గవి టికెట్‌ను ఎవరికీ ఇవ్వకుండా తనే కూర్చుని కొట్టాడు. సభ్యత్వం ఎప్పటివరకు అని యంత్రం అడిగింది. సంవత్సరానికి రెండంకెలే పట్టే ఆ యంత్రం తొంభై తొమ్మిది డిసెంబరు ముప్ఫై ఒకటి దాటి ఏ తేదీనీ తీసుకోలేదు. సరే, అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం అనుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, "పాప పేరు కంప్యూటర్లో కూడా ఎక్కింది" అని చెబితే ఈశ్వరమ్మ బెల్లం వేసి పాయసం చేసింది. తినలేక ఇద్దరూ పక్కింటివాళ్ళకు ఇచ్చేశారు.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. హాల్లో విద్యార్థుల కోసం రెండు కంప్యూటర్లు పెట్టారు. పుస్తకం పేరు కొడితే ఎవరి దగ్గరుందో వస్తుంది. పిల్లలు వాటి ముందు వరసకట్టేవాళ్ళు.

ఒక శనివారం నాగేంద్ర తువ్వాలు విప్పి, పుస్తకం నంబరు కొట్టి, రెన్యూ మీట నొక్కాడు. తెర మీద ఒక వరస వచ్చింది. పుస్తకం రిజర్వులో ఉంది, రెన్యూ కుదరదు. ఆయన మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. మూడోసారీ అదే.

ఆ రిజర్వేషన్ కొట్టేయడం ఆయనకు చిటికెలో పని. పాస్‌వర్డ్ ఆయన చేతిలోనే ఉంది. వేలు మీట దాకా వెళ్ళింది కూడా. సరిగ్గా అప్పుడే కౌంటర్ ముందుకు ఒక అమ్మాయి వచ్చి నిలబడింది.

"సార్, నా పేరు పూర్ణిమ. ఫెర్న్‌ల బుక్కు రిజర్వ్ చేసిన. వచ్చిందా సార్?"

నాగేంద్ర పుస్తకం మీదికి తువ్వాలు లాగాడు. "ఇంకా రాలేదమ్మా."

"అయ్యో! నా ప్రాజెక్టంతా దాని మీదనే ఉన్నది సార్. గా భార్గవి ఎవరో గానీ, జర కూడ దయలేని మనిషి. హాస్టల్ల మూడు రోజుల సంది తిరుగుతున్న. భార్గవి అనేటోళ్ళు ముగ్గురున్నరు. ముగ్గుర్ని అడిగిన. మేం కాదంటే మేం కాదన్నరు. ఆమె యాడుంటదో జర చెప్పుండ్రి సార్. నేనే పోయి బతిమిలాడుకుంట."

ఆరేళ్ళలో భార్గవి ఎక్కడుంటుందని అడిగినవాళ్ళు లేరు. చుట్టాలు ఆ పేరెత్తడమే మానేశారు. ఇక్కడ ముక్కూ మొహం తెలియని పిల్ల మూడు రోజులుగా గది గదికీ తిరిగి భార్గవిని వెతుకుతోంది, దొరికితే పోట్లాడదామని. నాగేంద్ర తువ్వాలును పుస్తకం చుట్టూ ఇంకాస్త బిగించాడు.

"సోమవారం తెస్తాదమ్మా" అన్నాడు చివరికి. "నేను చెప్తాలే."

ఇంటికెళ్ళి ఈశ్వరమ్మకు అంతా చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"ఆ పిల్ల మన పాపను ఎతికిందా?"

"హాస్టలంతా."

"దయలేనిదనిందా?"

"ఆ పిల్లకేం తెలుసే!"

ఈశ్వరమ్మ చేట పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇచ్చేయండి. మన పాప బతికినన్నాళ్ళు ఎవురి చేతా మాట అనిపించుకోలేదు. మనం చేసిన పనికి ఇప్పుడెందుకు పడాల?"

ఆదివారమంతా పుస్తకం వంటింట్లో ఆమె పక్కనే పీట మీద ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా ఒక్కో పేజీ తిప్పి బొమ్మలు చూసింది.

సోమవారం పొద్దున నాగేంద్ర రిటర్న్ మీట నొక్కాడు. ఎన్నడూ లేనిది, రాజలింగు ఆ రోజు చాయ్‌కి వెళ్ళలేదు. కుర్చీ వెనకాలే నిలబడ్డాడు. తెర మీద భార్గవి పేరు, దాని కింద పుస్తకాలు సున్నా అని వచ్చింది. ఇక నో డ్యూస్ ఇవ్వవచ్చునని యంత్రం తనంతట తానే చెప్పింది. కూతురు పోయిన రోజున కూడా ఆయనకు ఇంత ఖాళీగా అనిపించలేదు. ఆ రోజు చెయ్యడానికి పనులన్నా ఉన్నాయి.

పూర్ణిమ పరుగెత్తుకుంటూ వచ్చింది. పుస్తకం అందుకుని వెనక అట్ట తిప్పి, "అమ్మో, ఇన్ని ముద్దర్లా!" అంది. తర్వాత పేజీలు తిప్పుతూ ఆగింది. బస్సు టికెట్ అక్కడే ఉంది. తీయడం మొగుడూ పెళ్ళాలిద్దరూ మరిచిపోయారు.

"సార్, అక్క ఇంక సగంలనే ఉన్నట్టుంది గదా!" పూర్ణిమ మొహం చిన్నబోయింది. "నేను ఊకెనే అన్న ఆమెను. పాపం, సదువుకుంటనే ఉన్నది." కౌంటర్ మీది పెన్ను తీసుకుని, ఆ టికెట్ వెనక నంబరు వేసి నాగేంద్ర చేతిలో పెట్టింది. "ఇది అక్కకియ్యండి సార్. పేజీ నంబర్ రాసిన. నేను తొందరగనే ఇచ్చేస్త. మళ్ల గాడికెల్లే సదువుకోమనండి."

నాగేంద్ర తలూపాడు. ఆ పిల్ల మెట్లు దిగేదాకా ఊపుతూనే ఉన్నాడు. తర్వాత కౌంటర్ మీద తల వాల్చి, వరసలో విద్యార్థులుండగానే బావురుమన్నాడు. రాజలింగు "కౌంటర్ బంద్, పది నిమిషాలు ఆగుండ్రి" అని అందర్నీ పక్కకు పంపి, ఆయన వీపు మీద చెయ్యి వేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి సంచి భార్యకు ఇచ్చాడు. అందులో ఖాళీ తువ్వాలుంది. జేబులోంచి బస్సు టికెట్ తీసి అది కూడా ఇచ్చి, పూర్ణిమ అన్న మాటలు ఒక్కటీ పోకుండా చెప్పాడు. ఈశ్వరమ్మ దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళి, నూట నలభై మూడు అని కూడబలుక్కుని చదివింది.

"ఆ పుస్తకంలో మొత్తం ఎన్ని పేజీలండీ?"

"మూడొందల ముప్ఫై అయిదు."

ఈశ్వరమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఇంకా అన్ని మిగిలిపోయినాయా తల్లీ నీకు" అని, లెక్క పూర్తిచేయలేక అక్కడే గోడకానుకుని కూలబడింది.