కూడు తెచ్చేదానికి వచ్చింది

"ఇంట్లో ఊరికే కూర్చోనుండే ఆడోళ్ళు నాలుగు గంపల బొగ్గు జల్లిస్తే అరిగిపోతారా మే?" అన్నాడు దేవరాజులు, మొదటిరోజు జల్లెడ తెచ్చి పంకజాక్షి ముందు పడేస్తూ. ఆ నిమిషంలో ఆమె ఊరికే కూర్చుని లేదు. పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. అత్త నాగులమ్మ మోకాళ్ళకు ఆముదం రాయడం సగంలో ఉంది. వాకిట్లో ఆయన చొక్కాలు నూనె మరకలతో చవుడు నీళ్ళలో నానుతున్నాయి. మగవాడు గడప దాటి లోపలికి వచ్చేసరికి ఇంట్లో ఆడది ఏం చేస్తున్నా ఊరికే కూర్చున్నట్టే కనబడుతుంది కాబోలు అనుకుందామె. ఆముదం చేతులు కొంగుకు తుడుచుకుని జల్లెడ అందుకుంది.

యుద్ధం వచ్చి మూడేళ్ళు దాటింది. తిరుపతి ఊరికి దీపాలిచ్చే కరెంటు కంపెనీ తెల్లదొరలది. హెడ్డాఫీసు లండన్లో, దాని కింది ఆఫీసు మద్రాసులో. దేవరాజులు ఆ కంపెనీ పవర్‌హౌసులో ఇంజను డ్రైవరు. "మా కంపెనీకి కొలంబోలో గ్యాసుండాది, సింగపూర్లో కరెంటుండాది, ఈడ మనముండాము" అని ఎవరు దొరికినా చెప్పేవాడు, ఆ సముద్రాలన్నీ తనే దాటి వచ్చినట్టు. సింగపూరు జపానువాళ్ళ చేతిలోకి పోయాక ఆ మాట తగ్గించాడు. ఇంజనుకు పోసే నూనె కరువైంది. అక్కడ పోయిన లాభం ఇక్కడ రాబట్టాలని దొరలు తాఖీదులు పంపారు. దాంతో పవర్‌హౌసు పక్కన కొత్తగా గ్యాసు ప్లాంటు లేచింది. ఇనుప కొలిమిలో బొగ్గును సగం సగం కాల్చి, దాన్నుంచి వచ్చే గ్యాసును కొబ్బరిపీచు కుక్కిన ఒక నిలువెత్తు ఇనుప పెట్టెలోంచి పంపితే, మసి అంతా పీచుకు పట్టుకుని శుభ్రమైన గ్యాసు ఇంజనుకు వెళుతుంది. భాకరాపేట అడవుల నుంచి బండ్ల మీద బొగ్గు దిగేది.

ఆ బొగ్గు జల్లించేదెవరు, బూడిద ఎత్తేదెవరు, మసి పట్టిన పీచు లాగి కడిగేదెవరు? దీనికి సూపర్నెంటు సుందరరాజు దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. పవర్‌హౌసు వెనక లైనిళ్ళలో కాపురముండేవాళ్ళకు కంపెనీ ఊరికే ఇల్లిచ్చింది గదా, ఇంటికొక ఆడమనిషి ఒక పూట సాయం చెయ్యాల. కూలి మాట ఎవరూ ఎత్తలేదు. సాయానికి కూలేమిటి?

ఇంటికొక దీపమనేది కూడా కంపెనీ నియమమే. ఆ ఒక్క దీపం వసారాలో వేలాడేది. దేవరాజులు దాని కింద కూర్చుని తమలపాకులు వేసుకునేవాడు. వంటింట్లో పంకజాక్షి ఆముదపు దీపం వెలుగులోనే బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. "వంటింటికి కరెంటెందుకే, చెయ్యికీ నోటికీ దావ తెలీదా?" అనేది నాగులమ్మ. ఊరంతటికీ వెలుగు పుట్టించే మసిలో పగలంతా మునిగి వచ్చి, చీకట్లో తడుముకుంటూ తన చేతులు తెల్లబడ్డాయో లేదో ముక్కుతో వాసన చూసుకునేది పంకజాక్షి.

ఆ పనిలో ఆమెకు తోడు తాయమ్మ. ఇంజనుకు నూనెలు పెట్టే మునస్వామి పెండ్లాం. తడ పక్క పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ బిడ్డ. పెళ్ళయి ఏడాది కాలేదు. సన్నగా రివటలా ఉండేది గనుక పీచు పెట్టె పక్కనున్న చిన్న తలుపులోంచి వంగి దూరి లోపల పీచు లాగడం ఆమె వంతు అయింది. బయట నిలబడి గంపలు అందుకోవడం పంకజాక్షి వంతు. లోపలి నుంచి తాయమ్మ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. "అక్కా, మా ఊర్లో రొయ్యల కాలమొస్తే ఆడోళ్ళందురూ నీళ్ళలో కూర్చోని చేతుల్తోనే తడిమి పట్టేస్తాం తెల్సా? ఈడా అంతే, ఏమీ అగపడదు, తడమాల్సిందే" అని నవ్వేది.

మధ్యాహ్నానికల్లా ఇద్దరికీ తలనొప్పి వచ్చేది. రెండు కణతల మీదా రోకలితో దంచినట్టుండేది. తాయమ్మ ఒక్కోసారి వాంతి చేసుకునేది. లైనిళ్ళలో ఆడవాళ్ళు నవ్వుకుని "నెలెన్నో?" అని అడిగేవాళ్ళు. పంకజాక్షి ఒకసారి ఉండబట్టలేక భర్తతో చెప్పింది. తలుపు తీసి సగం పూటైనా గాలి ఆడనిచ్చాకే ఆ పిల్లను లోపలికి పంపమని అడిగింది. దేవరాజులు ఏమీ అనకముందే నాగులమ్మ అందుకుంది. "పని దొంగలకి పనికంటే ముందు తలనొప్పొస్తాది. నేను నలుగురు బిడ్డల్ని కని, కన్న రోజే కళ్ళం తోలినా." దేవరాజులు నవ్వాడు. ఆ తర్వాత ఆమె తలనొప్పి గురించి మళ్ళీ చెప్పలేదు. నొప్పి వచ్చినప్పుడు తలకు గుడ్డ బిగించి కట్టుకునేది. గుడ్డ కట్టుకున్నా ఆయనకు అన్నం వేళకు పెట్టేది. ఆయన తింటూ ఒక్కసారీ ఆ గుడ్డ ఏమిటని అడగలేదు. ఆ అడగకపోవడమే నొప్పికంటే ఎక్కువగా ఉండేదామెకు.

ఆ రోజు మద్రాసు నుంచి పెద్ద దొర వస్తున్నాడని కబురొచ్చింది. బొగ్గుతో ఇంజను ఎలా తిరుగుతుందో చూసి, కంపెనీ కింద ఉన్న మిగతా ఊళ్ళలోనూ అదే పెట్టిస్తాడట. మామూలుగా పొద్దుగూకే వేళకు తిప్పే ఇంజను ఆ రోజు మధ్యాహ్నమే తిప్పాలన్నాడు సుందరరాజు. పొద్దున ఇంజను ఆపి పెట్టె తలుపు తీసి ఇంకా ఎంతోసేపు కాలేదు. ఇనుము ముట్టుకుంటే చురుక్కుమంటోంది.

"ఇంకా గాలాడలేదయ్యా, కొంచేపు ఉండనీ" అంది పంకజాక్షి.

"దొర రేణిగుంటలో దిగేసినాడంట. గాలి సంగతి నువ్వు నాకు సెప్తావా? తాయమ్మా, దూరు, దూరు!" అన్నాడు దేవరాజులు.

తాయమ్మ పంకజాక్షి వైపు ఒకసారి చూసింది. డ్రైవరన్న మాట కాదంటే మొగుడికి మాట వస్తుంది. కొంగు నడుముకు చెక్కి వంగి లోపలికి దూరింది. మొదటి గంప వచ్చింది. రెండోది వచ్చింది. "అక్కా, మా యమ్మ వచ్చే వారం..." అంటూ ఏదో మొదలుపెట్టింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. పంకజాక్షి "ఏం మే, వచ్చే వారం?" అని అడిగింది. మళ్ళీ అడిగింది. తల లోపలికి పెట్టి చెయ్యి చాచి, దొరికిన కాలు పట్టుకుని లాగింది. ఎంత బరువు! ఆ సన్నని పిల్ల అంత బరువెలా అయిందో. లాగుతూ లాగుతూ ఉండగా పంకజాక్షి కళ్ళ ముందు వెలుగు చిన్నదైపోయి ఆరిపోయింది.

కళ్ళు తెరిచేసరికి తను బొగ్గు కొట్టం ముందు నేల మీద ఉంది, ఎవరో ఇద్దరినీ బయటికి లాగి పడుకోబెట్టారు. పక్కన చాప మీద తాయమ్మ. మునస్వామి ఆమె అరికాళ్ళు రుద్దుతూ ఏడుస్తున్నాడు. ముఖం చూసి పంకజాక్షి ప్రాణం కుదుట పడింది, తాయమ్మ చెంపలు ఎర్రగా పండు బారి ఉన్నాయి. బతికుండగా ఎన్నడూ అంత నిగారింపు చూడలేదామె. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాక అర్థమైంది, ఊపిరి లేదని. ఆ గ్యాసు పీల్చి పోయినవాళ్ళకు ముఖం అలా ఎర్రబడుతుందని ఆమెకు తర్వాత తెలిసింది.

దొర బండి వస్తోందని ఎవరో అరిచారు. తాయమ్మను చాపతో సహా కొట్టంలోకి జరిపి తడిక అడ్డం పెట్టారు. మిగిలిన పీచు ఎవరు నింపారో పంకజాక్షికి తెలియదు. కాసేపటికి ఇంజను మొదలైంది. కొట్టం గోడలు అదురుతుంటే చాప మీద తాయమ్మ చెయ్యి కూడా సన్నగా అదిరింది. దొర చూశాడు, తల ఊపాడు, వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఊళ్ళో దీపాలు వేళకే వెలిగాయి.

మర్నాడు తాయమ్మ తల్లి పోలేరమ్మ రైల్లో వచ్చింది. కూతురి ఒంటికి నీళ్ళు పోస్తూ, తలను ఒళ్ళో పెట్టుకుని జుట్టు విడదీసింది. ఎన్ని చెంబులు పోసినా నల్ల నీళ్ళే కారాయి. "చేపల గంప నెత్తినెత్తుకోని నేను పడిన పాట్లు నా బిడ్డ పడగూడదని, నీడన ఉంటాదని, కరెంటు కంపెనీ పిల్లోడికి ఇస్తినే. ఇంత మసి యాడిదమ్మా దీనికి? ఏం పని సేస్తా ఉండె నా బిడ్డ?" అని చుట్టూ ఉన్న ఆడవాళ్ళను అడిగింది. ఆ ఆడవాళ్ళందరి గోళ్ళలోనూ అదే మసి ఉంది. పంకజాక్షి చెంబు ముంచి ఇంకో చెంబు పోసింది.

మద్రాసు నుంచి సర్కారు ఇనస్పెక్టరు విచారణకు వస్తున్నాడని తెలిశాక సుందరరాజు అందరినీ పిలిచాడు. "తాయమ్మ మొగుడికి కూడు తెచ్చేదానికి వచ్చింది. పెట్టె తలుపు తెరిచుంటే తొంగి సూసింది. పంకజాక్షి కేక విని పోయి లాగింది. ఇంతే జరిగింది. మన ఆడోళ్ళెవురూ కంపెనీ పని సెయ్యరు. వాళ్ళు మా మనుషులే కాదు. అర్థమైందా?" మునస్వామి తల వంచుకుని సరే అన్నాడు. అసిస్టెంటు డ్రైవరు పని అతనికే ఇస్తామన్నారు.

ఇంటికొచ్చాక దేవరాజులు అన్నం ముట్టలేదు. గోడవైపు చూస్తూ అన్నాడు. "నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? ఆ పిల్ల గొంతు నా చెవిలో ఉండాది. అయితే నువ్వు నోరు తెరిస్తే జైలుకు పొయ్యేది సూపర్నెంటు కాదు మే, నేను." ఆ మాటలో మొదటిసారి భయం వినిపించింది పంకజాక్షికి. ఇన్నేళ్ళలో ఆయన ఆమెను అడిగిన మొదటి సాయం కూడా అదే. చేసెయ్యాలనిపించింది. భర్త గదా. కానీ కళ్ళు మూసుకుంటే పోలేరమ్మ ఒళ్ళో నల్ల నీళ్ళు కారుతున్న జుట్టు కనబడేది. మనిషి చచ్చిపోయాక కూడా ఆమె చేసిన పని చెయ్యలేదంటున్నారు. ఇంత మసి మింగి పోయిన పిల్ల, అన్నం క్యారియరు పట్టుకుని వచ్చి అనవసరంగా తొంగిచూసిన తెలివిలేని ఆడదిగా మిగిలిపోతుంది. రేపు నేను పోయినా అంతే. మాపటికి దీపాలు వెలుగుతాయి, నేను కూడు తెచ్చేదానికి వచ్చుంటాను.

విచారణ సుందరరాజు ఆఫీసు గదిలో జరిగింది. పోలేరమ్మ గుమ్మం బయట కూలబడి ఉంది. దేవరాజులు చెప్పాడు, మునస్వామి చెప్పాడు, ఇద్దరూ ఒకే మాట. ఇనస్పెక్టరు రాసుకుంటూ తల ఎత్తకుండానే పంకజాక్షిని అడిగాడు, కేక విని పోయావా అని.

"ల్యా సామీ. నేను ముందునుంచీ ఆణ్ణే ఉండాను. ఆ పిల్ల లోపల పీచు లాగతా ఉండె, నేను గంపలందుకుంటా ఉంటి. దినమ్మూ సేసే పనే అది. లైనిళ్ళలో ఆడోళ్ళందురూ సేస్తాము."

దేవరాజులు ఆమెను చూడలేదు.

"లోపలికి దూరమని ఎవరు చెప్పారు?"

"నా పెనిమిటి" అంది. "ఆయనకి సూపర్నెంటయ్య సెప్పినాడు. ఆయనకి పైనుంచి దొర. అందురూ టైమే సూసినారు సామీ. గాలాడిందా లేదా అని ఎవురూ సూళ్ళా."

సుందరరాజు కుర్చీలోంచి లేచాడు. ఇనస్పెక్టరు దగ్గరగా వంగి, పసిపిల్ల గురించి చెప్పినట్టు మెత్తగా అన్నాడు. "పాపం సార్, ఆ రోజు ఈమెకు గ్యాసు తలకెక్కింది. అప్పటినుంచీ మతి సరిగ్గా లేదు. ఏదేదో మాట్లాడుతుంది."

"తలకెక్కింది నిజమే సామీ" అంది పంకజాక్షి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఆ పొద్దు ఒక్కటే కాదు, ఏడాదిగా ఎక్కతానే ఉండాది. ఇంట్లో ఊరికే కూర్చోనుండే ఆడదానికి గ్యాసు యాడెక్కినాదో, నా పెనిమిటినే అడగండి."

ఇనస్పెక్టరు అప్పుడు తల ఎత్తి ఆమెను చూశాడు. గుమ్మం బయట పోలేరమ్మ గొంతెత్తి ఏడ్చింది. వచ్చినప్పటి నుంచీ బిగబట్టుకున్న ఏడుపు అది.

పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఎవరూ జైలుకు పోలేదు. అది ప్రమాదమేనని రిపోర్టు వెళ్ళింది, కాకపోతే పని చేస్తుండగా జరిగిన ప్రమాదమని. ఆ ఒక్క ముక్క వల్ల మద్రాసు నుంచి ఉత్తరువు వచ్చింది. ఆడవాళ్ళు గ్యాసు ప్లాంటులో అడుగు పెట్టకూడదు. వాళ్ళు చేస్తున్న సాయానికి ఇద్దరు మగవాళ్ళను నెలజీతం మీద పెట్టారు. పనిలో చేరిన వారానికే వాళ్ళు తలనొప్పి అన్నారు. మగవాడు చెప్పేసరికి అది నిజంగా తలనొప్పే అయింది. పెట్టె తలుపు తీసి సగం పూట గాలి ఆడనిచ్చాకే లోపలికి దూరాలని సుందరరాజు బోర్డు రాయించి తగిలించాడు. మునస్వామికి మాట ఇచ్చిన పని ఇవ్వలేదు. దేవరాజులును చిత్తూరు అవతల కంపెనీకే ఉన్న ఇంకో చిన్న పవర్‌హౌసుకు, డ్రైవరు కింద డ్రైవరుగా మార్చారు.

ఆయన ఆమెను కొట్టలేదు. మాట్లాడడం మానేశాడు. నాగులమ్మ మాత్రం "మొగుణ్ణి మందిలో బట్టలిప్పి నిలబెట్టినదాన్ని నిన్నే సూస్తాండా" అని తినేటప్పుడూ తిననప్పుడూ అనేది. పంకజాక్షి వింటూనే ఆమె మోకాళ్ళకు ఆముదం రాసేది. ఈ మధ్యలో రైసుమిల్లుకు పోయి బియ్యం చెరిగే పని అడిగి వచ్చింది. మిల్లు దగ్గరే ఒక ముసలామె తన వసారాలో సగం అద్దెకిస్తానంది. ఈ సంగతులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఇల్లు ఖాళీ చేసే పొద్దున బండి వచ్చింది. దేవరాజులు వంట సామాను, ట్రంకుపెట్టె, రెండు మూటలు ఎక్కించాడు. ఆఖరికి లోపలికి వచ్చి చూశాడు.

"ఇవి నావి, అమ్మవి. నీ మూటేది మే?" చాలా రోజుల తర్వాత ఆయన ఆమెతో అన్న మాట అది.

"కట్టలేదు" అంది పంకజాక్షి.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె ఆయన పక్కనుంచి బయటికి నడిచి, అత్తను చంకల కింద చేతులు వేసి మెల్లగా బండి ఎక్కించింది. కుదుపులకు ఒరగకుండా వెనక దుప్పటి మడిచి పెట్టింది. నీళ్ళ చెంబు అందేలా పక్కన ఉంచింది.

"పెద్దామె ఉండాది, నిదానంగా తోలప్పా" అంది బండివాడితో.